ముప్పయ్యో డెబ్బయ్యో

కాఫీ వద్దు దాసప్పా, కాఫీ తాగేదానికి రాలేదు నేను! ముందు నీ కోడలిని ఆ పట్టుపురుగుల షెడ్డులోంచి బయటికి రమ్మను. మొదటిసారి చెబితే నవ్వినావు. రెండోసారి చెబితే నీ ఇంటామె పిల్లమ్మను కేకేసి కాఫీ పెట్టమన్నావు. ముప్పై ఎనిమిదేండ్లు పిల్లకాయలకు పాఠాలు చెప్పినోణ్ణి. చెవిలో దూది పెట్టుకున్నోళ్ళను చానా మందిని చూసినాను గాని, నీ అంతటోణ్ణి చూళ్ళేదప్పా.

చెప్పలేదా? ఆ పిల్లకు చెప్పకుండా ఉంటానా? నేను వస్తాండేది అక్కడి నుంచే. శశికళ తలుపు సందులోంచే మాట్లాడింది. "కాళ్ళు మందునీళ్ళలో తొక్కి గాని లోపలికి రావద్దండి సార్, పురుగుకు రోగం తగులుతాది" అన్నది. నేను లోపలికి వచ్చేది కాదమ్మా, నువ్వు బయటికి రా అన్నాను. నవ్వింది. మీ ఇంట్లో అందరికీ నవ్వే! "పురుగు నాలుగోసారి పొర విడిచి జొరం లేచిండాది సార్. ఇప్పుడు ఆకు వెయ్యకుంటే ఇన్ని దినాల కష్టం మన్నయిపోతాది. మామ చెబితే వస్తాను" అన్నది. తలుపు వేసుకున్నది.

ఫోను చేద్దామంటే ఆమె ఫోను ఇదో, మీ గూట్లోనే చార్జింగుకు పెట్టినారు. నీ కొడుకు అంబరీషేమో టెంపో వేసుకొని బంగారుపేటకు పోయినాడంట. ఇంగ చెప్పాల్సినోడివి నువ్వొక్కడివే.

ఎందుకంటావా? సరే, విను. నీ షెడ్డు కింద పాత గని గుంత ఉండొచ్చు. దొరలు బంగారం కోసం తవ్వి, దొరక్క, దుంగలు పరిచి మన్ను కప్పి పోయిన గుంత. అక్కడ లేదని నీకు చెప్పింది నేను. ఆ మాట తప్పయ్యుండొచ్చు. మూడు దినాలుగా వాన పట్టిండాది. మన్ను నానిపోయింది. అదీ సంగతి.

అట్ల చూడొద్దప్పా. నాకేం పిచ్చి పట్టలేదు.

తెలుసు, తెలుసు. "గట్టు రాయి నుంచి తూర్పుకు డెబ్బై అడుగుల కాడ ఉండాది గుంత, నీ షెడ్డు యాభై అడుగులకే అయిపోతాది, భయం లేదు" అని నేనే చెప్పినాను. కంప్యూటరు తెర మీద నీకు చూపించినాను గూడా. అవును, డెబ్బై అనే ఉండాది. ఇప్పటికీ డెబ్బై అనే ఉండాది. నా బాధంతా అదే.

కారణం చెప్పకుంటే లేవనంటావు. పెరిగిన పురుగును తట్టల్లోంచి తీసి బయట పోసేదంటే మాటలా అంటావు. న్యాయమే. చెబుతాను. కూచో... కాదు, నిలబడే విను. కూచుంటే లేచేదానికి మళ్ళీ గడియ పట్టిస్తావు.

మా నాయన గనిలో సర్వే ఆఫీసు గుమాస్తా, తెలుసు గదా? గనులు మూతపడినప్పుడు ఆయన ఒక పని చేసినాడు. ఏ ఊరి ఏ చేనులో, ఏ గట్టు రాయికి ఎన్ని అడుగుల దూరంలో, పూర్వం ఎంత లోతు తవ్వి వదిలినారో, పాత పటాలు చూసి పన్నెండు నోటుబుక్కుల్లో రాసిపెట్టినాడు. "ఒరే గురురాజా, ఆఫీసుకు బీగం పడుతుంది. పటాలు ఎవడెత్తుకుపోతాడో తెలీదు. పైనుండే వాళ్ళకు కింద ఏముండాదో తెలియాల" అన్నాడు. ఆయన పోయినాక ఊళ్ళోళ్ళు నా దగ్గరికి రావడం మొదలుపెట్టినారు. బావి తవ్వాలన్నా, ఇల్లు కట్టాలన్నా, "మేష్ట్రే, మీ నాయన లెక్క చూసి చెప్పండి" అని. నేనూ చూసి చెబుతా వచ్చినాను. ఒక్కటీ తప్పు పోలేదు. పోయేవి కాదు, అవి నాయన చేతిరాతలు.

ఆ నోటుబుక్కులకు చెదలు పట్టె. అందుకని అంతా ఓపికగా కంప్యూటరులో కొట్టినాను. రెండేండ్లు పట్టింది. మా మధుర మొగుడు, బెంగళూరు అల్లుడు రఘునందన్ ఉండాడే, అతను ఒక పెట్టె తెచ్చి ఇంట్లో పెట్టినాడు. చూసినావు గదా, టీవీ పక్కన, నీలం దీపం మినుకుమినుకుమంటా ఉంటాది. ఇంట్లో ఫోటోలు, సర్టిఫికెట్లు, నాయన లెక్కలు, అన్నీ అందులోనే. లోపల రెండు డిస్కులు. ఒకటి చెడిపోయినా ఇంకోదాంట్లో అదే నకలు ఉంటాది. "మామా, ఇంగ చెదల భయం లేదు" అన్నాడు.

పిల్లకాయలకు చెప్పినట్ల చెబుతాను, విసుక్కోవద్దు. ఆ పెట్టెలో రెండు జాగాలుంటాయి. ఒకటి అటక. అదే డిస్కు. వస్తువులు భద్రంగా దాచేది అక్కడ. రెండోది పలక. దాన్ని మెమరీ అంటారు. అటక మీది నుంచి ఏది దింపాలన్నా, ఏది ఎక్కించాలన్నా, ముందు ఆ పలక మీద రాసుకొని, దాన్ని చూసి అందిస్తాది పెట్టె. పలక చిన్నదయితే పని నిదానం. మా పెట్టెకు పలక చానా చిన్నది. ఊళ్ళోళ్ళు వచ్చి కూచుంటారు, ఒక చేను లెక్క వెతికేలోపల రెండు కాఫీలయిపోతాయి. మా ఇంటామె రాజలక్ష్మికి బేజారయిపోయింది.

అల్లుడు పెద్ద పలక పంపించినాడు. వేలంత పొడుగు పచ్చని బిళ్ళ. దాని అంచున బంగారు పూత పూసిన సన్నని పళ్ళు, దువ్వెన పళ్ళ మాదిరి. ఆ పళ్ళు పెట్టె లోపలి గాడిలో కూచోవాల. "ఆదివారం నేనొచ్చి వేస్తాను మామా. లేదంటే మీరే వెయ్యండి, కష్టమేం లేదు. పళ్ళను మాత్రం ముట్టుకోవద్దు. వేసినాక ఒక దినమంతా పరీక్ష నడిపించండి. పలక సరిగా రాస్తాందా లేదా అని పెట్టె తనకు తానే చూసుకుంటాది. అది ముగిసేదాకా అందులో ఏదీ దాచొద్దు" అన్నాడు. చిలక్కి చెప్పినట్ల చెప్పినాడు.

ఆదివారం దాకా ఆగలేదు నేను. ముప్పై ఎనిమిదేండ్లు "తొందర పడొద్దురా" అని ఊళ్ళో పిల్లకాయలందరికీ చెప్పినోణ్ణి.

ఆ దినం ఆయుధపూజ.

ఏమి? ఆయుధపూజకూ గుంతకూ ఏమి సంబంధమా? అదే చెబుతాండాను.

మీ ఇంట్లో కొడవలికి, గొడ్డలికి, అంబరీషు టెంపోకు బొట్టు పెట్టరా? గని నడిచిన కాలంలో రాయి తొలిచే యంత్రాలకు పూల మాలలు వేసి, గుమ్మడికాయ కొట్టిన ఊరు మనది. మా నాయన తన కలానికి, అడుగుబద్దకు పసుపూ కుంకుమా పెట్టనిదే పక్క దినం పనికి పోయేవాడు కాదు. నాకు ఆయుధమంటే ఏముండాది? సుద్దముక్క పోయి అయిదేండ్లాయె. ఇప్పుడు నా ఆయుధం ఆ పెట్టె. దాన్ని తుడిచి పీట మీద పెట్టినాను. కొత్త పలకను తమలపాకులో పెట్టి దేవి ముందర ఉంచినాను. రాజలక్ష్మి పసుపు రాసింది, గంధం పెట్టింది, మీద ఇంత కుంకుమ వేసింది. ఆ పళ్ళ మీదే వేసింది. మెరుస్తా ఉండాయి గదా, అక్కడే పెట్టాలనిపిస్తాది ఎవరికైనా. హారతి ఇచ్చినాము. ఉఫ్ఫని ఊది, పంచె కొంగుతో తుడిచి, గాడిలో నొక్కినాను. టక్కని కూచుంది. ఎంత సంతోషమో!

మరి పరీక్ష? ఆయుధపూజ నాడు పనిముట్టుతో పని చేయించకూడదు గదా. నడిపించలేదు. పక్క దినం విజయదశమి. ఏ పనైనా మొదలుపెట్టేదానికి అంతకంటే మంచిదినం ఉండాదా? పరీక్ష పేరుతో ఆ దినం పోగొట్టుకొనేదెందుకని, నాయన లెక్కలన్నీ ఊళ్ళ వారీగా, చేన్ల వారీగా మళ్ళీ పేర్చి, పొద్దుగూకేలోపల కొత్తగా దాచేసినాను. పాతది తీసేసినాను. పెట్టె గుర్రం మాదిరి పరిగెత్తింది. రాజలక్ష్మి గూడా మెచ్చుకుంది.

అదే దినం, చెదలు తిన్న నోటుబుక్కులను గుడ్డలో కట్టి తీసుకుపోయి బేతమంగళం చెరువులో వదిలినాము. అక్షరాన్ని కాల్చగూడదు, చెత్తలో పడెయ్యగూడదు. నీళ్ళలో వదలడం మా ఇంటి ఆచారం. నాయన చేతిరాత నీళ్ళలో కొంచెం సేపు తేలింది దాసప్పా. ఆనెంక మునిగింది. దండం పెట్టుకొని వచ్చేసినాను.

ఇంగ విను. ఒక దినం రాజలక్ష్మి పెట్టెలో మా ఇంటోళ్ళ పుట్టిన దినాల పట్టీ చూస్తా చూస్తా గట్టిగా నవ్వింది. "మీ చెల్లెలు మే నెల ముప్పై ఏడో తేదీ పుట్టిందంట, ఎప్పుడైనా చెప్పినారా నాకు?" అన్నది. చూస్తే నిజమే. 37-5-1971 అని ఉండాది. నేనూ నవ్వబోయినాను. మే నెలకు ముప్పై ఏడు యాడిది? నేను కొట్టినప్పుడే తప్పు పడిందేమో అనుకొని, అత్తను అడిగి పెట్టుకున్న కాగితం తీసినాను. కాగితంలో 31 ఉండాది.

అప్పుడు నవ్వు ఆగిపోయింది. మిగతా పట్టీ చూసినాను. మా మామగారు పోయిన ఏడు 1993. పెట్టెలో 1997 అని ఉండాది. మా ఇంటి వాకిలి నంబరు 83. పెట్టెలో 87. పక్క పేజీలో అన్నీ సరిగ్గానే ఉండాయి. అక్కడొకటి, ఇక్కడొకటి. ఒకటో మూడో ఉండాల్సిన చోట ఏడు కూచోనుండాది, ఏం ఎరగనట్ల.

పెట్టె విప్పినాను. పలక ఊడదీసినాను. ఆ బంగారు పళ్ళ సందుల్లో ఎర్రగా కుంకుమ, గంధంతో కలిసి గట్టిపడిపోయి ఉండాది. ఏ పన్నూ పూర్తిగా ఆనలేదు, ఏదీ పూర్తిగా విడిపోలేదు. ఆనినప్పుడు మూడు మూడే. ఆననప్పుడు మూడు ఏడు. పలక తప్పు రాసుకునింది, అదే అటక మీదికి ఎక్కించింది.

రెండు డిస్కులు ఉండాయి గదా అంటావా? శభాష్, తెలివైన ప్రశ్న. నేనూ అదే అనుకొన్నాను. దానికి మా నాయన చెప్పిన కథొకటి ఉండాది.

ఒక గనిలో కిందికి దిగే కూలోళ్ళకు నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళలు ఇచ్చేవాళ్ళంట. పైకి వచ్చినోడు బిళ్ళను గోడ మీది మేకుకు తగిలించాల. షిఫ్టు ముగిస్తే ఇద్దరు గుమాస్తాలు విడివిడిగా లెక్క పెట్టి, విడివిడిగా రాయాల. ఇద్దరి లెక్కా ఒకటైతేనే కింద మందు పేల్చే గంట కొట్టాల. ఒక దినం రెండో గుమాస్తాకు టీ తాగాలనిపించింది. బిళ్ళలు చూడకుండా మొదటోడి పుస్తకం చూసి ఎక్కించేసినాడు. రెండు పుస్తకాలూ ఒకటే చెప్పినాయి, అందరూ పైకొచ్చినారని. గంట కొట్టినారు. పొద్దున మునిశామప్ప అనేవాడి పెండ్లాం సద్దిమూట చేతిలో పట్టుకొని వచ్చి, "మా ఆయన ఇంగా ఇల్లు చేరలేదు సామీ" అన్నది.

"ఒకే నోటి నుంచి విన్న ఇద్దరు సాక్షులు, ఒక సాక్షే గురురాజా" అనేవాడు నాయన. నా రెండు డిస్కులూ ఆ చెడిపోయిన పలకను చూసే రాసుకున్నాయి. రెండూ ఒకే అబద్ధం ఒకే మాటగా చెబుతాండాయి.

బిళ్ళను రబ్బరుతో రుద్ది శుభ్రం చేసినాను. మళ్ళీ వేసినాను. అప్పుడు నడిపించినాను పరీక్ష, దినమంతా. పలక ఇప్పుడు బంగారం. కాని అటక మీద ఎక్కిపోయిన తప్పు దిగదు గదా! రాసిన చేతికి జొరం తగ్గినంత మాత్రాన, జొరంలో రాసిన ఉత్తరం మారిపోతాదా?

నీ చేను వరుసలో డెబ్బై ఉండాది. అది మొదటి నుంచి డెబ్బయ్యో, ముప్పైలో మూడు ఏడయి కూచున్నదో, చెప్పగలిగింది ఆ నోటుబుక్కు ఒక్కటే. అది చెరువులో ఉండాది. నీ షెడ్డు ఇరవై అడుగుల కాడ మొదలయి యాభైకి ముగుస్తాది. ముప్పై అంటే నట్టనడుమ. శశికళ నిలబడి ఆకు వేస్తాండే చోటు.

గుర్తు లేదప్పా. ఆ పుస్తకాల్లో వెయ్యి వరుసలు కొట్టినాను, నీ చేనిది ఎంతని గుర్తుంటాది? రాత్రంతా... కాదు, నెలలుగా గుర్తు తెచ్చుకోవాలని చూస్తాండాను. కండ్లు మూసుకుంటే నాయన రాసిన మూడు కనిపిస్తాది. తెరిస్తే ఏడు.

ఏమన్నావు? మళ్ళీ చెప్పు.

షెడ్డు కడిగిన నీళ్ళు నిలవవా? నడుమ స్తంభం కాడ గుటగుటమని లోపలికి పోతాయా? ఎన్ని దినాలుగా? మొదటి పంట పట్టుగూళ్ళు అమ్మి కడిగినప్పటి నుంచా! "మంచిదే మేష్ట్రే, మోరీ అక్కరలేదు" అంటావేందప్పా! నీళ్ళు యాడికి పోతాయని ఒక్కసారైనా అనుకోలేదా? ఇరవై బిందెలు తాగిన నేల దాహం తీరిందని ఊరుకుంటాదా?

ఉండు. నీ మొగం ఎందుకట్ల మారింది? ఇంగా ఏదో ఉండాది. చెప్పు.

పేడగుంతా?

డెబ్బై అడుగుల కాడ... అవునవును, పూడ్చిన గుంతయితే మన్ను మెత్తగా ఉంటాది, తవ్వేది సులువని. రైతు బుద్ధి! చెప్పు, తవ్వినావు. అయితే? గడ్డపార రెండడుగులు దిగలేదా? బండ తగిలిందా? చుట్టూ తవ్వి చూసినా బండేనా?

ఎప్పుడు?

ఉగాదికి ముందా! ఉగాదికి ముందు చూసి, ఇప్పుడా చెప్పేది? "మేష్ట్రు మాట తప్పని మొగమ్మీద చెప్పేదెట్ల" అని గమ్మునుంటివా? నా మర్యాద కోసమా? అయ్యో దాసప్పా! ముట్టని బండ అది, ఎవడూ ఎప్పుడూ తవ్వలేదు దాన్ని. అక్కడ గుంత లేదు. లేనే లేదు. అంటే...

అంటే ముప్పయ్యే. శశికళ కాళ్ళ కిందే ఉండాది గుంత.

లేచినావా. చెప్పులు వద్దు, అట్లనే పో. తట్టలు, పురుగు, ఆకు ఏదీ ముట్టుకోవద్దను. ఉన్నదున్నట్ల వదిలేసి గోడ వారనే నడిచి రమ్మను. నడుమ కాలు పెట్టొద్దను. నువ్వు లోపలికి పోవద్దు, వాకిట్లోంచే పిలువు. నీ గొంతయితే వింటాది.

ఒక్క మాట. వద్దు, పో... కాదు, ఇది చెప్పకుండా నిన్ను పంపిస్తే నేను ఆ రెండో గుమాస్తా కంటే హీనం.

మే నెల ముప్పై ఏడును రాజలక్ష్మి ఎప్పుడు చూసిందని నువ్వు అడగలేదు. ఒక దినం అన్నాను, నమ్మేసినావు. అది నీ భూమిపూజకు మూడు దినాలు ముందు. మూడు దినాలు ముందప్పా! కుంకుమ గీకింది ఆ రాత్రే. నీ చేను వరుస తీసి చూసింది గూడా ఆ రాత్రే. ఊరోళ్ళంతా వచ్చి, "తొలి రాయి మేష్ట్రే పెట్టాల, ఆయన చూసి చెప్పిన జాగా" అని పిలిచిపోయింటిరి. పూలమాల గూడా చెప్పినారంట. ఇంత మంది ముందర, నాకు తెలీదు, నా పెట్టె చెడింది, మా నాయన పుస్తకం నీళ్ళలో పోయింది అని చెప్పేదానికి నోరు రాలేదు. డెబ్బయ్యే అయ్యుంటాదిలే అనుకొన్నాను. మూడు మాట్లు అనుకొన్నాను. మూడోసారికి నిజమే అనిపించింది.

తొలి రాయి చేతిలో పట్టుకొని, వంగి పెట్టకుండా నిలబడిపోయినాను. "మేష్ట్రుకు వయసయింది" అని నువ్వు మణికట్టు పట్టుకున్నావు. వయసు కాదప్పా అది.

అప్పటి నుంచి రోజూ పొద్దున మీ చేను దోవనే నడుస్తాండాను. షుగరుకు డాక్టరు నడవమన్నాడని ఊరంతా చెప్పుకున్నాను. షెడ్డు నిలబడి ఉండాదా అని చూసేదానికి దాసప్పా. నిలబడి ఉంటే, ఈ దినానికి గడిచిందిలే అని ఇల్లు చేరేవాణ్ణి.

పో, పరిగెత్తు. నన్ను తిట్టేదానికి మళ్ళీ రావచ్చు. ఈ అరుగు మీదే ఉంటాను, యాడికీ పోను.